ఒకే కీర్తన, ఎన్నో వరుసలు: ఆరాధనలో కీర్తనలు పాడటంపై ఇన్ని తేడాలెందుకు?

క్లుప్తంగా

బైబిల్లోని 150 కీర్తనలు పాడటానికి పుట్టినవే. కానీ వాటి అసలు వరుసలు ఎవరి దగ్గరా మిగల్లేదు, అనువాదంలో పాదాల పొడవూ నిలవలేదు. దాంతో సంఘాలు తలో దారి పట్టాయి. కొన్ని మాటను ముట్టుకోకుండా రాగాన్ని సాగదీశాయి. కొన్ని రాగాన్ని ఖాయం చేసుకుని మాటను దానికి సరిపడా కత్తిరించాయి. ఇంకొన్ని కీర్తనను ఆధారం చేసుకుని కొత్త పాటే కట్టేశాయి. కీర్తనలు తప్ప ఇంకేం పాడకూడదనే సంఘాలు, కీర్తనను చదివి ఊరుకునే సంఘాలు ఈ దారుల్లో నుంచే వచ్చాయి.

మాట దగ్గరే తికమక

ఆదివారం ఆరాధనలో "100వ కీర్తన" అని ప్రకటిస్తే తెలుగు సంఘంలో కొందరు బైబిలు తెరుస్తారు, కొందరు పాటల పుస్తకం అందుకుంటారు. తప్పు ఎవరిదీ కాదు. హెబ్రీ భక్తిపాటల సంపుటికి మన బైబిలు పెట్టిన పేరు కీర్తనల గ్రంథం. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అనే పాటల పుస్తకంలో ఉన్నవీ కీర్తనలే. అన్నమయ్య, త్యాగయ్య రాసినవీ కీర్తనలే. ఇంగ్లీషులో మాత్రం బైబిలు పాటను సామ్ అని, మనుషులు కొత్తగా రాసుకున్న పాటను హిమ్ అని విడదీసి పిలుస్తారు. ఆ తేడా మీద కొన్ని దేశాల్లో సంఘాలు చీలిపోయాయి. "మా చర్చిలో సామ్స్ తప్ప ఏమీ పాడం" అని స్కాట్లాండు నుంచి ఎవరైనా చెప్పారనుకోండి, తెలుగులోకి వచ్చేసరికి అది "కీర్తనలు తప్ప ఏమీ పాడం" అవుతుంది. మేమూ అంతే కదా, అందులో వింతేముంది అని ఇక్కడివాళ్లు అనుకుంటారు.

ఈ వ్యాసంలో కీర్తన అంటే బైబిల్లోని 150లో ఒకటి. మిగతావన్నీ పాటలు.

రాగం పేరు ఉంది, రాగం లేదు

22వ కీర్తన పైన తెలుగు బైబిల్లో చిన్న సూచన కనిపిస్తుంది. ఫలానా రాగముమీద పాడదగినది అని, ఒక హెబ్రీ పేరుతో. ఇలాంటి సూచనలు ఇంకా చాలా కీర్తనల తలమీద ఉన్నాయి. కొన్నింటిని తంతి వాద్యాలతో పాడమని ఉంది. మధ్యమధ్యలో 'సెలా' అనే మాట 71 సార్లు వస్తుంది. ఆగమనా, వాద్యం అందుకోమనా, గొంతు పెంచమనా అన్నది పండితుల మధ్య నేటికీ తేలలేదు. క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయం కూలిపోయింది. అక్కడి గాయకుల వరుసలు ఏ లిపిలోనూ మనకు చేరలేదు. మిగిలింది సాహిత్యం ఒక్కటే.

ఆ సాహిత్యమైనా మనకు తెలిసిన పద్యంలా నడవదు. గణాలు, యతిప్రాసల లెక్క అందులో లేదు. ఒక మాట చెప్పి, అదే మాటను ఇంకో రకంగా మళ్లీ చెప్పడం దాని నడక. 19వ కీర్తన మొదటి వచనం చూడండి: "ఆకాశములు దేవుని మహిమను వివరించుచున్నవి, అంతరిక్షము ఆయన చేతిపనిని ప్రచురపరచుచున్నది." ఆకాశానికి అంతరిక్షం జోడు, మహిమకు చేతిపని జోడు. అర్థానికే ప్రాస కట్టినట్టు ఉంటుంది. ఈ జంట నడకను రాబర్ట్ లోత్ అనే ఇంగ్లీషు పండితుడు 1753లో అచ్చయిన తన ప్రసంగాల్లో వివరంగా విడమర్చి చూపించాడు. శబ్దం మీద ఆధారపడిన ప్రాస అనువాదంలో పోతుంది. అర్థం మీద ఆధారపడిన జోడు పోదు. ఏ భాషలో చదివినా కీర్తనలు కవిత్వంలా వినిపించడానికి కారణం ఇదే.

పోయేది పొడవు. 23వ కీర్తన మొదటి వచనం, "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అన్నది 15 అక్షరాలు. రెండో వచనం, "పచ్చికగల చోట్ల ఆయన నన్ను పరుండజేయుచున్నాడు శాంతికరమైన జలములయొద్ద నన్ను నడిపించుచున్నాడు" అన్నది 41. మొదటిదానికి కట్టిన వరుసలో రెండోది పట్టదు. తెలుగు బైబిల్లో వీటిని వచనాలు అంటాం. పేరుకు తగ్గట్టు అవి నిజంగా వచనమే, పద్యం కాదు. ఇలా పొడవులు కుదరని వాక్యాలను వందలమంది ఒకే గొంతుతో ఎలా పాడాలి? రెండు వేల ఏళ్ల కీర్తన గానంలోని పద్ధతులన్నీ ఈ ప్రశ్న చుట్టూ తిరిగాయి.

రాగాన్ని సాగదీసిన దారి

చిన్నప్పుడు ఎక్కాలు వల్లించినవాళ్లకు ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. ఒకే శ్రుతిలో మాటలన్నీ చెప్పుకుంటూ పోయి, చివర గొంతును కాస్త ఎత్తి దించడం. లాటిన్ మఠాల్లో స్థిరపడిన కీర్తన స్వరాలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి. మొదట రెండు మూడు స్వరాల ఎత్తుగడ. తర్వాత ఒకే స్వరం మీద ఎన్ని మాటలైనా. వచనం మధ్యలో చిన్న మలుపు, ఒక విరామం. మళ్లీ అదే స్వరం, చివర ముగింపు మలుపు. ఆ మధ్య విరామం సరిగ్గా హెబ్రీ జంట వాక్యం విరిగే చోటే పడుతుంది. అక్షరాలు 15 అయినా 41 అయినా ఇబ్బంది లేదు, మధ్యనున్న స్వరం సాగుతుందంతే. ఇలాంటి స్వరాలు ప్రధానంగా 8, వాటితో పాటు వరుసలో ఇమడని తొమ్మిదోది ఒకటి. గాయకులు రెండు వైపులా కూర్చుని ఒక వచనం ఇటువాళ్లు, ఒక వచనం అటువాళ్లు పాడతారు.

ఎక్కువ తంటా లేకుండా ఎక్కువ కీర్తనలు పాడాలంటే ఇంతకు మించిన పద్ధతి లేదు. మఠాలకు కావలసిందీ అదే. 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ రాసిన నియమావళి ప్రకారం సన్యాసులు వారంలో 150 కీర్తనలూ పూర్తి చేయాలి. మన పూర్వికులు ఒక్క రోజులో చేసినదాన్ని మనం వారానికైనా చేయలేమా అని ఆయన దెప్పిపొడిచాడు కూడా. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలదీ వారం లెక్కే. కీర్తనలను 20 భాగాలు చేసుకుని మామూలు రోజుల్లో వారానికోసారి, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో వారానికి రెండుసార్లు ముగిస్తారు. అయితే అంకెల తేడా ఒకటి గుర్తుంచుకోవాలి. గ్రీకు, పాత లాటిన్ బైబిళ్లలో 9, 10 కీర్తనలను కలిపేశారు కాబట్టి మన 23వ కీర్తన వాళ్లకు 22వది.

రాగం ఎంత ఉండాలన్న టెన్షన్ అప్పుడే ఉంది. 386లో మిలాన్‌లో రాణి జస్టీనాకూ బిషప్ ఆంబ్రోసుకూ పోరు నడుస్తుండగా, జనం బెంగపడకుండా తూర్పు దేశాల పద్ధతిలో పాటలు, కీర్తనలు పాడించారని క్రైస్తవ తత్వవేత్త అగస్టీన్ రాశాడు. అవి విని తాను కన్నీళ్లు పెట్టుకున్నానన్నాడు. అదే అగస్టీన్ మరోచోట, మాట కన్నా పాటే తనను ఎక్కువ కదిలిస్తే అది పాపమేనని భయపడ్డాడు. అలెగ్జాండ్రియాలో బిషప్ అథనాసియస్ కీర్తనను దాదాపు చదివినట్టే పాడించేవాడట, అదే క్షేమమేమో అని అగస్టీన్ తటపటాయించాడు.

ఇంగ్లండు సంఘం ఈ దారినే కొనసాగించి నాలుగు గొంతుల శ్రుతి చేర్చింది. అక్కడి మామూలు కీర్తన వరుస మొత్తం 10 స్వరాలు, మొదటి సగానికి 4, రెండో సగానికి 6. ఏ అక్షరం దగ్గర స్వరం మారాలో గుర్తులు పెట్టుకోకపోతే పదిమంది పది చోట్ల మారుస్తారు. అలా గుర్తులు పెట్టిన పుస్తకం అచ్చులో మొదట వచ్చింది 1837లో, ఈలీ అనే ఊళ్లోని పెద్ద చర్చి ఆర్గాన్ వాయిద్యకారుడి చేతుల మీదుగా. అంతవరకూ అంతా వినికిడే. ఈ పద్ధతికి ఉన్న లోపం కూడా ఇక్కడే తెలుస్తుంది. శిక్షణ ఉన్న క్వయర్ పాడితే అద్భుతంగా ఉంటుంది, మామూలు జనం పాడితే చెదిరిపోతుంది.

మాటను కత్తిరించిన దారి

16వ శతాబ్దపు ప్రొటెస్టెంటు సంస్కరణోద్యమానికి కావలసింది శిక్షణ లేని జనం పాడటం. లూథర్ కీర్తనలను తీసుకుని జర్మన్ పాటలుగా తిరగరాశాడు. 46వ కీర్తన ఆధారంగా ఆయన కట్టిన పాట లూథరన్లకు జెండా లాంటిది. జ్యూరిక్‌లో జ్వింగ్లీ దీనికి పూర్తి వ్యతిరేకం. స్వయంగా మంచి సంగీతజ్ఞుడైన ఆయన హయాంలోనే 1525లో ఆరాధనలో పాట ఆగిపోయింది. మళ్లీ 1598 దాకా మొదలవ్వలేదు. జెనీవా సంస్కర్త కాల్విన్ ఇద్దరి మధ్య నిలబడ్డాడు. పాడాలి, కానీ దేవుడిచ్చిన మాటలే పాడాలి అన్నాడు. అంటే కీర్తనలు.

1539లో స్ట్రాస్‌బర్గ్‌లో చిన్న సంపుటంగా మొదలైన పని 1562లో జెనీవాలో 150 కీర్తనలతో పూర్తయింది. క్లెమాన్ మరో అనే కవి 49 కీర్తనలను, థియొడోర్ బేజా 101 కీర్తనలను ఫ్రెంచి పద్యాలుగా రాశారు. దాదాపు 125 వరుసలు, 110 రకాల ఛందాలు. అంటే ఇంచుమించు ప్రతి కీర్తనకూ సొంత వరుస ఉన్నట్టే. వాటిలో చాలా వరుసలు కట్టిన లూయీ బూర్జువా, అప్పటికే జనానికి అలవాటైన వరుసలను అనుమతి లేకుండా మార్చాడని 1551లో జైలుపాలయ్యాడు. కాల్విన్ కల్పించుకుని విడిపించాడు. పాటల వరుస మారిస్తే గొడవ కావడం ఈనాటి క్వయర్ మీటింగుల్లో మొదలైంది కాదన్నమాట.

ఇంగ్లండు, స్కాట్లాండు వేరే లెక్క వేసుకున్నాయి. 8, 6, 8, 6 అక్షరాల నాలుగు పాదాల ఛందం ఒకటి ఎంచుకుని చాలా కీర్తనలను అందులోకి దించేశాయి. దీని లాభం తెలుగువాళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఒక ఆటవెలది పద్యం వరుస వస్తే వేమన పద్యాలు దాదాపు అన్నీ ఆ వరుసలో పాడుకోవచ్చు. అక్కడా అంతే. 1615లో స్కాట్లాండులో అచ్చయిన కీర్తనల పుస్తకం 12 వరుసలను 'ఉమ్మడి వరుసలు' అంది. ఏ కీర్తననైనా వాటిలో దేనికైనా పాడుకోవచ్చు. తర్వాతి కాలంలో అక్కడ ప్రతి పేజీనీ మధ్యకు అడ్డంగా కోసిన పుస్తకాలు వచ్చాయి. పై సగాల్లో వరుసలు, కింది సగాల్లో కీర్తనలు. పైన ఒక వరుస తిప్పి పెట్టుకుని, కింద కావలసిన కీర్తన తిప్పుకోవడమే. ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఆ ఒక్క పుస్తకం చాలు.

ఇంకో విడ్డూరం కూడా ఉంది. వరుస నేర్చుకోవడానికి పరిశుద్ధమైన కీర్తన మాటలు వాడటం అపచారమని స్కాట్లాండు గాయకులు భావించేవారు. ప్రాక్టీసు కోసం అదే ఛందంలో పనికిమాలిన చరణాలు కట్టుకుని వాటితో సాధన చేసేవారు.

నష్టం భాషకు. 8, 6 అక్షరాల్లో ఇమడ్చాలంటే మాటలు మెలిపెట్టాలి. 1650 నాటి స్కాటిష్ 23వ కీర్తనలో 'లై డౌన్' అనే మామూలు ఇంగ్లీషు పలుకుబడి ఛందం కోసం 'డౌన్ టు లై' అయింది. వాడుకలో ఎవరూ అలా అనరు. అయినా అది 370 ఏళ్లుగా పాడుతున్నారు. 1947లో ఎలిజబెత్ యువరాణి పెళ్లిలో క్రిమండ్ అనే వరుసలో పాడాక ప్రపంచమంతా పాకింది. అమెరికాకు వలస వెళ్లిన ప్యూరిటన్లు ఈ మెలికలకు ముందే జవాబు రాసి పెట్టుకున్నారు. ఇంగ్లీషు ఉత్తర అమెరికాలో అచ్చయిన మొదటి పుస్తకం, 1640 నాటిది, వాళ్ల కీర్తనల పుస్తకమే. దేవుని బలిపీఠానికి మన నగిషీలు అక్కర్లేదు అని ముందుమాటలో తేల్చేశారు. నగిషీ లేని ఆ పుస్తకం ప్రతులు ఇప్పుడు 11 మిగిలాయి. 2013లో ఒక్క ప్రతి 1.4 కోట్ల డాలర్లకు పైగా పలికింది.

చదువు రానివాళ్ల కోసం పుట్టిన వింత నాదం

పద్యం తయారైంది, వరుస తయారైంది. పుస్తకం కొనలేని, కొన్నా చదవలేని జనం సంగతేంటి? 1645లో అమల్లోకి వచ్చిన వెస్ట్‌మినిస్టర్ ఆరాధన నియమాలు దారి చూపించాయి. ఒకరు ఒక్కో పాదం చదివి వినిపించాలి, జనం అది పాడాలి. మన పల్లెల్లో ఒకరు చెబితే అందరూ అందుకునే భజన పద్ధతి లాంటిదే. తాత్కాలికమనుకున్న ఏర్పాటు కొన్నిచోట్ల శాశ్వతమై, దానికదే ఒక సంగీతంగా మారింది.

స్కాట్లాండు వాయవ్యాన ఉన్న లూయిస్ దీవిలో గేలిక్ భాషలో కీర్తన పాడే తీరు ఇందుకు గట్టి ఉదాహరణ. గేలిక్‌లో మొదటి 50 కీర్తనలు 1659లో అచ్చయ్యాయి, ఆ పుస్తకం 150తో పూర్తయింది 1694లో. వాద్యాలుండవు. జనం పాటకు కూర్చుంటారు, ప్రార్థనకు నిలబడతారు, మనకు అలవాటైనదానికి సరిగ్గా తలకిందులుగా. ప్రసంగ వేదిక కింద కూర్చున్న పాటగాడు పాదాన్ని గబగబా, ఒకటి రెండు స్వరాల మీద విసురుతాడు. అది ముగిసీ ముగియకముందే జనం అందుకుంటారు, చాలా నెమ్మదిగా. వరుస ఒకటే, కానీ ఎవరి గమకం వాళ్లది. ఒకరు స్వరం చేరుకునేలోపు ఇంకొకరు దాని చుట్టూ తిరుగుతుంటారు. మొదటిసారి వింటే పాటలా ఉండదు, తీరాన్ని తాకే అల చప్పుడులా ఉంటుంది. అంతలో పాటగాడి గొంతు మళ్లీ ఆ అల మీద నుంచి లేస్తుంది.

నెమ్మదిగా పాడటం అలవాటైతే దాన్ని వదిలించడం తేలిక కాదు. నెదర్లాండ్స్‌లో 1773లో కొత్త కీర్తన పద్యాలు తెచ్చి, వాటితోపాటు కాస్త వేగంగా పాడమన్నారు. 1775–76లో మాస్‌స్లూయిస్, ఫ్లార్డింగెన్ అనే రేవు పట్నాల్లో ఏకంగా అల్లర్లు జరిగాయి. వాటికి చరిత్రలో కీర్తనల అల్లర్లనే పేరు.

కీర్తనలే పాడాలా?

ఈ పట్టుదల వెనకున్న తర్కం సూటిగా ఉంటుంది. ఆరాధనలో దేవుడు ఆజ్ఞాపించినవే చేయాలి, నిషేధించలేదు కదా అని కొత్తవి చేర్చకూడదు. పాటల పుస్తకం దేవుడే ఇచ్చాడు, 150 పాటలు. మనిషి రాసిన పాటలో తప్పు బోధ దూరవచ్చు, కీర్తనలో దూరదు. ఇది కాల్విన్ తర్వాత పుట్టిన భయమేమీ కాదు. 4వ శతాబ్దపు లవొదికయ సభ 59వ నిబంధన, ఎవరికివారు కట్టుకున్న పాటలు సంఘంలో పాడొద్దని చెప్పింది.

ఎదుటివాళ్లు కొలొస్సయులకు రాసిన పత్రిక 3:16 చూపిస్తారు. అక్కడ కీర్తనలు, సంగీతాలు, ఆత్మసంబంధమైన పద్యాలు అని మూడు మాటలున్నాయి. ఆ మూడూ కీర్తనల గ్రంథంలోని రకాలేనని ఒక వర్గం, కావని ఒక వర్గం. అసలు బలమైన ప్రశ్న వేసింది ఐజక్ వాట్స్ అనే ఇంగ్లీషు పాస్టరు. కీర్తనల్లో యేసు పేరు లేదు, క్రైస్తవుడు దావీదు నోటితో మాత్రమే ఎందుకు పాడాలి అన్నాడు. 1719లో కీర్తనలను కొత్త నిబంధన భాషలో తిరగరాసి అచ్చువేశాడు. క్రిస్మస్‌కు ప్రపంచమంతా పాడే 'జాయ్ టు ద వరల్డ్' ఆ పుస్తకంలోదే, 98వ కీర్తనకు ఆయన రాసిన రూపం. అందులో పశువులపాక లేదు, గొర్రెలకాపరులు లేరు. ఎందుకు లేరో ఇప్పుడు తెలుస్తుంది. వాట్స్ దారి తెరిచాక హిమ్ వరదలా వచ్చింది, వంద ఏళ్లలో ఇంగ్లీషు సంఘాల్లో కీర్తన పక్కకు జరిగింది.

జరగనిచోట్ల సంగతి వేరు. స్కాట్లాండు ఫ్రీ చర్చ్ 19వ శతాబ్దంలో హిమ్‌లను, ఆర్గాన్‌లను ఒప్పుకుంది. 1900లో ఇంకో సంఘంతో జరిగిన విలీనాన్ని కాదని విడిగా మిగిలిన చిన్న వర్గం 1910లో వాటిని మళ్లీ మూసేసింది. సరిగ్గా వందేళ్లకు, 2010 నవంబరులో, ప్రత్యేక సభ పెట్టి 98–84 ఓట్ల తేడాతో తలుపు తెరిచారు. ఎంత సన్నని తేడానో చూస్తే లోపలి మథనం తెలుస్తుంది. ఉత్తర అమెరికాలోని రిఫార్మ్‌డ్ ప్రెస్బిటేరియన్ సంఘం మాత్రం నేటికీ కీర్తనలే పాడుతుంది, వాద్యం లేకుండా.

వాద్యం సంగతిలో బయటివాళ్లకు నవ్వొచ్చే మాట ఒకటుంది. "తంబురతోను నాట్యముతోను ఆయనను స్తుతించుడి" అనే 150వ కీర్తనను ఈ సంఘాలు తంబుర, నాట్యం రెండూ లేకుండా పాడతాయి. వాళ్ల జవాబు వాళ్లకుంది: వాద్యాలు దేవాలయపు బలులతో ముడిపడినవి, బలులతో పాటే వాటి కాలమూ తీరింది. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు చాలావరకు వాద్యం లేకుండానే పాడతాయి, కారణాలు వేరైనా.

పాడలేని కీర్తనలు

కీర్తనలన్నీ పాడాలంటే 109నీ పాడాలి, 137 చివరి వచనాన్నీ పాడాలి. శత్రువు పిల్లలు అనాథలు కావాలని, పసిపిల్లలను బండకు కొట్టేవాడు ధన్యుడని ఉన్న మాటలివి. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1784లో అమెరికా మెథడిస్టులకు పంపిన ఆరాధన పుస్తకంలో, క్రైస్తవ సంఘం నోట రాకూడనివంటూ కొన్ని కీర్తనలను తీసేశాడు. 1962–65లో జరిగిన రెండో వాటికన్ సభ (కాథలిక్ బిషప్పుల మహాసభ) తర్వాత కాథలిక్కులు కీర్తనల చక్రాన్ని నాలుగు వారాలకు సర్దుకున్నప్పుడు 58, 83, 109 కీర్తనలను పూర్తిగా వదిలేశారు. కీర్తనలు మాత్రమే పాడే సంఘాలకు ఈ వెసులుబాటు లేదు. తీర్పు దేవునికే వదిలేస్తున్న ప్రార్థనగా వాటిని అర్థం చేసుకుని పాడతారు.

శాపం కన్నా తరచుగా జారిపోయేది మొర. కీర్తనల్లో మూడో వంతుకు పైగా మొరలే. 88వ కీర్తన "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది, ఓదార్పు వాక్యం ఒక్కటీ లేదు. కొత్త పాటలు మాత్రమే పాడే సంఘానికి ఈ తరహా మాట ఏళ్ల తరబడి నోట్లోకి రాదు. ఇంగ్లీషు దేశాల్లో ఈమధ్య కీర్తనల వైపు మళ్లీ చూపు తిరగడానికి ఈ లోటు ఒక కారణం.

పంజాబుకు అందింది, తెలుగుకు అందనిది

ఉపఖండంలో కీర్తనలు ఇంటింటి పాటలైంది పంజాబులో. 1855లో సియాల్‌కోట్‌లో పని మొదలుపెట్టిన అమెరికన్ ప్రెస్బిటేరియన్ మిషన్, కీర్తనలు మాత్రమే పాడే సంఘానిది. 1925 దాకా ఆ సంఘం హిమ్‌లను ఒప్పుకోలేదు. కాబట్టి పంజాబీ విశ్వాసులకు పాట కావాలంటే కీర్తనలనే పంజాబీ చేయాలి. ఆ పని ఇమాముద్దీన్ షాబాజ్ అనే స్థానిక పాస్టర్ భుజాన పడింది. మధ్యలో చూపు పోయినా ఆపలేదు. స్థానిక రాగాల్లో ఒదిగేలా 150 కీర్తనలను 405 భాగాలుగా కోసి పద్యాలు కట్టాడు. 1908లో అవి పుస్తకంగా వచ్చాయి. పేరు జబూర్, దావీదు గ్రంథానికి ముస్లింలు వాడే మాటే. పాకిస్తాన్ క్రైస్తవులు నేటికీ తబలా, హార్మోనియంతో జబూర్లు పాడతారు. ఇంగ్లీషు బాణీలు పట్టని నోళ్లలో అవి నిలిచాయి.

తెలుగు నేలకు వచ్చిన మిషన్లు వేరు. నెల్లూరులో 1840లో బాప్టిస్టులు, బందరులో 1841లో ఆంగ్లికన్లు, గుంటూరులో 1842లో లూథరన్లు. వీళ్ల స్వదేశపు సంఘాల్లో అప్పటికే హిమ్ గెలిచేసింది, లేదా లూథరన్లలాగా మొదటి నుంచీ పాటే ఉంది. కీర్తనలను పద్యం చేసి తీరాలన్న ఒత్తిడి ఎవరికీ లేదు. పంజాబులోనూ ఇక్కడా దళితులే పెద్ద ఎత్తున సంఘంలో చేరారు. ఒంగోలు మిషన్ 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. రెండు చోట్లా చదువు తక్కువ, పాట నోటి నుంచి నోటికి పాకింది. తేడా అల్లా ఆ నోటికి ఏది అందించారన్నది.

తెలుగులో ఆ నోటికి అందినవి పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటి కవుల పాటలు. కర్ణాటక రాగతాళాల్లో, పల్లవి, అనుపల్లవి, చరణాలతో కట్టినవి. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు'లో పాట తలమీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. బైబిలు కీర్తన మాత్రం వచనంగానే మిగిలి చదువు కిందకు వెళ్లింది. చాలా ప్రొటెస్టెంటు సంఘాల్లో పాస్టరు ఒక వచనం, సంఘం ఒక వచనం వంతులవారీగా చదువుతారు. రెండు వైపులా గాయకులుండే పాత మఠం పద్ధతే ఇది, స్వరం తీసేస్తే. కాథలిక్ పూజలో మొదటి పఠనం తర్వాత వచ్చే కీర్తనకు 1969 నుంచి మళ్లీ పాట రూపం వచ్చింది. ఒకరు వచనాలు పాడతారు, జనం ప్రతిసారీ ఒకే పల్లవి అందుకుంటారు.

పల్లవి చేసే పని

కీర్తనలోంచి తీసుకుని కట్టిన తెలుగు పాటలకు కొదవ లేదు. ఇక్కడ గమనించాల్సింది రాగం కన్నా పల్లవిని. చాలా కీర్తనలు ఒకచోట మొదలై ఇంకోచోట తేలతాయి. పల్లవి ఉన్న పాట మాత్రం తిరిగి తిరిగి మొదటికే వస్తుంది.

136వ కీర్తనకు ఇబ్బంది లేదు. దాని 26 వచనాల్లో ప్రతిదాని చివరా "ఆయన కృప నిరంతరముండును" అని ఉంది. పల్లవి హెబ్రీలోనే తయారుగా ఉంది. 13వ కీర్తన అలా కాదు. ఆరే వచనాలు. మొదటి రెండింట్లో ఎన్నాళ్లు అనే ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది: నన్ను మరచిపోతావా, ముఖం దాచుకుంటావా, ఈ చింత ఎన్నాళ్లు, శత్రువు పైచేయి ఎన్నాళ్లు. మధ్యలో వేడుకోలు. చివరి రెండింట్లో నమ్మకం కుదురుకుని, పాడుతున్నానని చెబుతాడు. స్వరాల మీద చదివే మఠంలోనైనా, ఛందంలో పాడే స్కాట్లాండులోనైనా ఇది ముందుకే నడుస్తుంది, వెనక్కి రాదు.

దీనికి తెలుగులో పాట కట్టేవారు ఏ వచనాన్ని పల్లవి చేస్తారు? "ఎన్నాళ్లవరకు" అని ఎత్తుకుంటే, చివరి చరణంలో సంతోషం పాడేశాక కూడా సంఘం మళ్లీ ఎన్నాళ్లు అనే ప్రశ్న దగ్గరే ఆగుతుంది. "కీర్తించెదను" అని ఎత్తుకుంటే మొదటి చరణంలోని ఏడుపు పల్లవిలో కొట్టుకుపోతుంది. స్టేజీ మీద, యూట్యూబులో వినిపించే పాటలు ఎక్కువగా రెండోదాన్నే ఎంచుకుంటాయి. షాబాజ్ కీర్తనలను 405 ముక్కలు చేయడంలో ఈ చిక్కుకు ఒక పరిష్కారం కనిపిస్తుంది. మొర ఒక ముక్క, స్తుతి ఒక ముక్క అయితే దేని స్థాయి దానిది. అయితే అప్పుడు ఆదివారం రెండో ముక్క పాడేదాకా ఆరాధన నడిపేవారు ఆగాలి.